టక్‌మంటుంది కానీ పేలదు: పాత .315 రైఫిల్లో లోపం ఎక్కడ వెతకాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన .315 స్పోర్టింగ్ రైఫిల్. తాతగారిది. నాన్నగారి తర్వాత లైసెన్సు మీ పేరు మీదకి వచ్చింది. ఎన్నికల కోడ్ రాగానే అందరిలాగే డిపాజిట్ చేసి, కొన్ని నెలల తర్వాత తెచ్చుకున్నారు. రేంజ్‌కి తీసుకెళ్లి పది రౌండ్లు కాలిస్తే నాలుగు పేలలేదు. ట్రిగ్గర్ నొక్కగానే ‘టక్’ అని శబ్దం, అంతే. అందులో ఒకదాన్ని బోల్ట్ (రౌండుని లోపలికి తోసి వెనక మూసే కడ్డీ) తెరవకుండానే, దాని వెనక చివర ఉండే కాకింగ్ పీస్ అనే ముక్కని వెనక్కి లాగి మళ్లీ కొడితే పేలింది. మిగిలిన మూడూ జాగ్రత్తగా దాచారు. స్ప్రింగు మార్చాలా, రౌండ్లు పాతబడ్డాయా అని అడుగుతున్నారు. మీది కాకినాడ వైపు సముద్రానికి దగ్గర ఊరని కూడా రాశారు. ఆ ఒక్క ముక్క రాయడం వల్ల చాలా మేలు జరిగింది, ఎందుకో తర్వాత చెబుతాను.

నేను పోలీసు శాఖలో ముప్పై ఏళ్లకు పైగా ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం నా చేతిలో ఉన్నది .303 రైఫిలే. మీ .315 దానికి తోబుట్టువు లాంటిది. బ్రిటిష్ కాలంలో సైన్యం వాడే తూటా సామాన్యుల చేతికి వెళ్లకూడదని .303ను బయట వాళ్లకు ఇవ్వలేదు. అందుకని 8 ఎం.ఎం. మాన్‌లిచర్ తూటాని తీసుకుని, .303లో ఉండే లీ-ఎన్‌ఫీల్డ్ రకం బోల్టుతోనే రైఫిళ్లు చేశారు. కాబట్టి .303 మీద నేర్చుకున్నది చాలావరకు మీ రైఫిల్‌కీ పనికొస్తుంది. తూటాలు మాత్రం వేరు. “.303 రౌండు ఇందులో సరిపోతుంది” అని ఎవరైనా అంటే ఆ మాట విననే వద్దు. లైసెన్సు సంగతి అలా ఉంచితే అది ప్రాణం మీదకి తెచ్చే పని.

ముందుగా నా మాట: స్ప్రింగు కొనకండి. కనీసం ఇప్పుడే కొనకండి. నా అనుభవంలో ‘స్ప్రింగు పోయింది’ అని నా దగ్గరికి వచ్చిన రైఫిళ్లలో ఎక్కువ వాటికి స్ప్రింగు బాగానే ఉండేది. మీ చేతిలో ఉన్న ఆ మూడు రౌండ్లే అసలు సాక్ష్యం. రైఫిల్ మీద చెయ్యి వేసేముందు వాటిని చూడాలి.

అంతకంటే ముందు ఒక్క మాట, భద్రత గురించి. మన పత్రికల్లో “తుపాకీ మిస్‌ఫైర్ అయి కానిస్టేబుల్ మృతి” అని రాస్తుంటారు. అది చదివినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. అక్కడ జరిగింది మిస్‌ఫైర్ కాదు, అనుకోకుండా పేలడం. మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా పేలకపోవడం. మీకు జరిగింది అదే. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, పేలకపోవడం చూడ్డానికి హాని లేనిదిలా కనిపిస్తుంది గానీ, అందులో రెండు ప్రమాదాలు దాగి ఉంటాయి.

ఒకటి ఆలస్యంగా పేలడం, హ్యాంగ్‌ఫైర్. క్యాప్ (రౌండు అడుగున నిప్పు పుట్టించే బిళ్ల) అంటుకుంటుంది గానీ లోపలి మందుకి నిప్పు అందడానికి కాసేపు పడుతుంది. ఆ కాస్త సమయంలో మీరు బోల్ట్ తెరిస్తే పేలుడు గొట్టంలో కాదు, మీ మొహం ముందు జరుగుతుంది. అందుకే టక్‌మని పేలకపోతే రైఫిల్ని అలాగే భుజానికి ఉంచి, గొట్టం టార్గెట్ వైపే ఉంచి, కనీసం 30 సెకన్లు కదలకుండా ఆగాలి. మీ రేంజ్‌లో ఇంకా ఎక్కువసేపు ఆగమంటే అంతసేపూ ఆగండి. మీరు కాకింగ్ పీస్ లాగి రెండోసారి కొట్టారు. ఆగి కొట్టారో, వెంటనే కొట్టారో రాయలేదు. వెంటనే కొట్టి ఉంటే ఇకమీదట అలా చేయకండి. రెండోసారి కూడా పేలకపోతే మూడోసారి ప్రయత్నమే వద్దు.

రెండోది మెత్తటి పేలుడు. ‘ఢాం’ అనకుండా ‘టప్’ అని నీరసంగా వినిపించి, భుజానికి తన్ను తగలకపోతే బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనక ఇంకో రౌండు కాలిస్తే గొట్టం పగులుతుంది. అలాంటి శబ్దం వస్తే ఆ రోజుకి ఫైరింగ్ ఆపేయండి. బోల్ట్ తీసి, గొట్టం ఖాళీగా ఉందని కంటితో చూసేదాకా ఇంకో రౌండు ముట్టుకోవద్దు.

ఇప్పుడు విషయంలోకి వద్దాం. రౌండు అడుగున మధ్యలో చిన్న గుండ్రటి బిళ్ల ఉంటుంది. మేం దాన్ని క్యాప్ అంటాం, పుస్తకాల్లో ప్రైమర్ అని ఉంటుంది. దాని లోపల చిటికెడు మందు, ఆ మందు వెనక దాగలి లాంటి చిన్న లోహపు మొన. స్ట్రైకర్, అంటే బోల్ట్ లోపలి నుంచి స్ప్రింగు బలంతో దూసుకొచ్చే మొనదేలిన కడ్డీ, వచ్చి బిళ్లని గట్టిగా కొడితే మందు ఆ రెండింటి మధ్య నలిగి అంటుకుంటుంది. నలగాలంటే దెబ్బలో లోతు ఉండాలి, వేగం కూడా ఉండాలి. మెల్లగా నొక్కితే లోతు ఉన్నా మామూలుగా అంటుకోదు. చాలామంది మర్చిపోయేది ఈ వేగం సంగతే. స్ట్రైకర్ పొడవు సరిగ్గానే ఉంటుంది, స్ప్రింగూ బాగానే ఉంటుంది, కానీ దారిలో ఏదో దాని పరుగుని ఆపుతుంది. రైఫిల్ పేలకపోవడానికి నేను చూసిన కారణాల్లో సగానికి పైగా ఈ దారి దొంగలే.

మీ బోల్ట్‌లో ఇంకో ప్రత్యేకత ఉంది. మౌజర్ 98 రకం రైఫిళ్లలో బోల్ట్ పిడి పైకెత్తగానే స్ప్రింగు బిగుసుకుంటుంది. లీ-ఎన్‌ఫీల్డ్‌లో అలా కాదు, బోల్ట్‌ని ముందుకి తోసేటప్పుడు చివరి అంగుళంలో బిగుసుకుంటుంది. అక్కడ చేతికి బరువు తెలియాలి. చిన్నప్పుడు తాతగారు బోల్ట్ వేస్తుంటే మీరు చూసే ఉంటారు, చివర్లో అరచేత్తో ఒక తోపు తోస్తారు. ఇప్పుడు మీకు అక్కడ బరువు తగ్గినట్టు అనిపిస్తే అప్పుడు స్ప్రింగుని అనుమానించాలి. బరువు అలాగే ఉంటే స్ప్రింగు జోలికి వెళ్లనక్కర్లేదు.

సరే, ఆ మూడు రౌండ్లు తీయండి. పగటి వెలుగులో, భూతద్దం ఉంటే ఇంకా మంచిది. క్యాప్ మీద పడిన గుంటని చూడండి. మీరు ‘చిన్న గుంట’ అన్నారు. ఎంత చిన్న, ఎక్కడ చిన్న అన్నది ముఖ్యం. పేలిన ఏడు కేసుల (ఖాళీ ఇత్తడి తొడుగుల) మీద ఉన్న గుంటలతో పోల్చకండి, ఇక్కడే చాలామంది పొరబడతారు. రౌండు పేలినప్పుడు లోపలి ఒత్తిడికి క్యాప్ వెనక్కి వచ్చి బోల్ట్ ముఖానికి ఒత్తుకుంటుంది. అందువల్ల పేలిన గుంట ఆకారం మారిపోతుంది. పేలనిదాన్ని పేలనిదానితోనే పోల్చాలి.

మూడింటి మీదా గుంట మధ్యలోనే ఉండి, లోతు తక్కువగా, అంచులు మెత్తగా ఉంటే దెబ్బ బలహీనం. తప్పు రైఫిల్‌ది. గుంట లోతుగా, శుభ్రంగా, మధ్యలో ఉండి కూడా పేలకపోతే రౌండుని అనుమానించాలి. గుంట పక్కకి జరిగి ఉంటే స్ట్రైకర్ వంగి ఉండవచ్చు, లేదా బోల్ట్ హెడ్ (బోల్ట్ ముందు కొనకి బిగించే ముక్క) సరిగ్గా కూర్చోలేదు. అసలు గుంటే లేకపోతే స్ట్రైకర్ మొన విరిగి ఉండవచ్చు. ఇక మూడింటి మీదా మూడు రకాలుగా ఉంటే, ఒకటి లోతు, ఒకటి తేలిక, అప్పుడు దారిలో ఏదో అడ్డు పడుతోందని, అదీ ఒక్కోసారి ఒక్కో రకంగా అని అర్థం. మురికి లక్షణం అదే. విరిగిన భాగం రోజూ ఒకేలా ప్రవర్తిస్తుంది, మురికి అలా కాదు.

రెండోసారి కొడితే పేలిందన్నారు. అది మంచి ఆధారమే గానీ దాని మీదే తీర్పు చెప్పలేం. మొదటి దెబ్బ బలహీనమైతే రెండోది మిగిలిన పని పూర్తిచేసి ఉండవచ్చు. లేదా క్యాప్ కేసులో పూర్తిగా లోపలికి దిగి ఉండకపోతే మొదటి దెబ్బ దాన్ని దించడానికే సరిపోయి, రెండో దెబ్బకి పేలి ఉండవచ్చు. లేదా రౌండు వెనక ఖాళీ ఎక్కువైతే మొదటి దెబ్బ రౌండుని ముందుకి నెట్టడానికే ఖర్చయి ఉండవచ్చు. ఈ మూడో కారణమే నన్ను కలవరపెడుతోంది, ఎందుకంటే మీ రైఫిల్ కొన్ని నెలలు చాలా రైఫిళ్లతో కలిసి ఒకే గదిలో ఉంది, అక్కడ బోల్ట్ మారిపోయి ఉండవచ్చు.

అందుకే మీరు చేయాల్సిన మొదటి పని, ఒక్క పైసా ఖర్చు లేనిది: నంబరు చూడండి. మ్యాగజైన్ తీసేయండి. బోల్ట్ తెరిచి ఛాంబర్ (గొట్టం వెనక రౌండు కూర్చునే చోటు) ఖాళీ అని కంటితో, వేలితో రెండుసార్లు చూసుకోండి. బోల్ట్ పూర్తిగా వెనక్కి లాగి, బోల్ట్ హెడ్‌ని పైకి తిప్పితే బోల్ట్ బయటికి వస్తుంది. బోల్ట్ పిడి మొదట్లో, వెనక వైపు నంబరు కొట్టి ఉంటుంది. రైఫిల్ బాడీ మీద, మీ లైసెన్సులో ఉన్న నంబరుతో అది కలవాలి.

కలవకపోతే ఆ రైఫిల్‌తో ఇంకో రౌండు కాల్చవద్దు.

ఒకసారి వార్షిక ఫైరింగ్‌కి ముందు మా దగ్గర ఇలాగే జరిగింది. బోల్టులన్నీ తీసి బల్ల మీద వరసగా పెట్టి శుభ్రం చేశాం. తిరిగి వేసేటప్పుడు రెండు రైఫిళ్ల బోల్టులు మారిపోయాయి. మర్నాడు రేంజ్‌లో ఒక రైఫిల్ బోల్ట్ మూసుకోవడానికి మొరాయించింది. రెండోది సులువుగా మూసుకుంది గానీ ఐదు రౌండ్లలో రెండు టక్‌మన్నాయి. మధ్యాహ్నం దాకా స్ప్రింగు, స్ట్రైకర్, రౌండ్ల పెట్టె అన్నీ చూశాం. చివరికి పక్కనే నిలబడ్డ పాత హెడ్ కానిస్టేబుల్ ఒకాయన నెమ్మదిగా “నంబర్లు చూశారా సార్?” అన్నాడు. ఆ రోజు నుంచి ఎవరు ఏ రైఫిల్ తెచ్చినా ముందు నంబరు చూడకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు.

ఎందుకింత పట్టింపు అంటే, ప్రతి బోల్ట్‌నీ దాని రైఫిల్‌కి సరిపోయేలా ఫ్యాక్టరీలో కూర్చోబెడతారు. రౌండు అడుగున బయటికి ఉండే అంచు, అంటే రిమ్, ఛాంబర్ నోటి దగ్గర ఆగుతుంది. దాని వెనక బోల్ట్ ముఖం వస్తుంది. ఈ రెండింటి మధ్య ఉండాల్సిన చోటు వెంట్రుక మందాలతో లెక్క. దాన్నే హెడ్‌స్పేస్ అంటారు. వేరే బోల్ట్ వేస్తే ఆ చోటు పెరగవచ్చు. పెరిగితే స్ట్రైకర్ కొట్టినప్పుడు రౌండు ముందుకి జరిగి దెబ్బ తేలికవుతుంది. పేలినప్పుడు కేసు వెనక్కి సాగుతుంది, మరీ ఎక్కువైతే అడుగు దగ్గర తెగిపోతుంది. మీ ఏడు ఖాళీ కేసుల అడుగుకి కొంచెం పైన, చుట్టూ మెరిసే సన్నటి గీత ఉందేమో చూడండి. ఈ రకం రైఫిళ్లలో కేసు కొంత సాగడం మామూలే, కాబట్టి గీత కనబడగానే హడలిపోనక్కర్లేదు. కానీ గీత ఉండి, నంబరు కూడా కలవకపోతే లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర గేజ్ (ఆ చోటుని కొలిచే పనిముట్టు) పెట్టించి చూడాల్సిందే. .315కి .315 గేజే కావాలి, .303 గేజ్‌తో కొలిచి బాగుందంటే నమ్మకండి. బోల్ట్ మారిందని తేలితే డిపాజిట్ రసీదుతో వెంటనే స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పండి. మీ బోల్ట్ ఇంకొకరి రైఫిల్లో ఉంటుంది, వాళ్లకీ అదే ప్రమాదం.

నంబరు కలిసిందనుకుందాం. నా అనుమానం ఇక బోల్ట్ లోపలికి వెళుతుంది.

సముద్రపు గాలి, వానాకాలం తేమ ఉన్న ఊళ్లో రైఫిల్ని నెలల తరబడి అప్పగించేటప్పుడు తుప్పు పడుతుందనే భయంతో నూనె దండిగా పోస్తారు. నేనూ పోసేవాణ్ణి. బయట తుడిస్తే పోతుంది. బోల్ట్ గొట్టం లోపల స్ప్రింగు చుట్టూ చేరింది మాత్రం అక్కడే ఉండిపోయి, దుమ్ము, మసి కలిసి జిగురులా తయారవుతుంది. స్ట్రైకర్ ఆ జిగురులోంచి పరిగెత్తాలి. నీళ్లలో పరిగెత్తే మనిషిలా వేగం పోతుంది.

ఏ నూనె పోశారన్నది ఇక్కడ ముఖ్యం. మన వైపు ఇళ్లలో కొబ్బరి నూనె రాసిన రైఫిళ్లు నేను లెక్కలేనన్ని చూశాను. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. వేసవిలో కాకినాడలో బాగానే పనిచేసిన రైఫిల్, డిసెంబరు తెల్లవారుజామున చింతపల్లి, అరకు వైపు తీసుకెళ్తే టక్‌మనడానికి ఇదొక్కటే చాలు. ఆముదం, వంటనూనెలదీ అదే దారి, గాలి తగిలి క్రమంగా వార్నిష్ పొరలా అతుక్కుంటాయి. కుట్టుమిషను నూనె వీటికంటే చాలా నయం, అదీ ఒకటి రెండు చుక్కలే. గ్రీజు మాత్రం బోల్ట్ లోపలికి ఎప్పుడూ వద్దు.

శుభ్రం చేయడానికి మీ స్థాయిలో చేయగలిగింది ఇది. బోల్ట్ బయటికి తీశాక బోల్ట్ హెడ్‌ని స్క్రూ లాగా తిప్పితే ఊడుతుంది. ఊడాక స్ట్రైకర్ ముందు భాగం కనబడుతుంది. ఒక లోతైన గిన్నెలో కిరోసిన్ పోసి, బోల్ట్‌ని నోరు కిందకి ఉండేలా నిలబెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున తీసి ఊపండి, ఆ కిరోసిన్ పారబోసి కొత్తది పోసి మళ్లీ ఊపండి. మొదటిసారి బయటికి వచ్చే రంగు చూస్తే మీకే అర్థమవుతుంది. తేట కిరోసిన్ తేటగానే వచ్చేదాకా చేయాలి. తర్వాత నోరు కిందకే ఉంచి పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక స్ట్రైకర్ మొన దగ్గర ఒక్క చుక్క సన్నటి నూనె చాలు. బోల్ట్ హెడ్ లోపల స్ట్రైకర్ దూరే రంధ్రాన్ని సన్నటి పుల్లకి గుడ్డ చుట్టి తుడవండి. అక్కడ రాగి, ఇత్తడి రవ్వలు చేరుతుంటాయి, కంటికి ఆనవు. కిరోసిన్‌తో పనిచేసేటప్పుడు గాలి ఆడే చోట కూర్చోండి, దగ్గర్లో పొయ్యి, అగ్గిపెట్టె ఉండకూడదు.

తిరిగి బిగించేటప్పుడు బోల్ట్ హెడ్‌ని చివరిదాకా తిప్పి, అక్కడి నుంచి బోల్ట్ మీదున్న పొడవాటి రిబ్‌తో (ఉబ్బెత్తు పట్టీతో) వరసలోకి వచ్చేంత మాత్రమే వెనక్కి తిప్పాలి. ఒక చుట్టు తక్కువ పెట్టి వదిలేయకండి.

స్ట్రైకర్ని పూర్తిగా ఊడదీయడానికి ప్రత్యేకమైన పనిముట్టు ఉంటుంది. అది లేకుండా ప్లయరుతో పట్టి తిప్పిన స్ట్రైకర్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. మొన గీరుకుపోయేది, కొన్నిసార్లు వంగేది. దయచేసి ఆ పని ఇంట్లో చేయకండి. ఇంకో సంగతి, ఆయుధాల చట్టం 1959 ప్రకారం తుపాకులు రిపేరు చేయడానికి లైసెన్సు కావాలి. మీ సొంత రైఫిల్ని తుడుచుకోవచ్చు, నూనె వేసుకోవచ్చు. రిపేరు మాత్రం లైసెన్సున్న చేతులతోనే. పక్క వీధిలో లేత్ మిషను ఉన్నాయన ఎంత నేర్పరైనా సరే, ఆయన్ని ఇరకాటంలో పెట్టకండి.

ఊడదీయకుండానే చూడగలిగింది ఒకటుంది, అది చూడండి. కాకింగ్ పీస్ వెనక ముఖంలో స్ట్రైకర్ తోక కనబడుతుంది. అది ఆ ముఖంతో సమానంగా ఉండాలి. పక్కన చిన్న స్క్రూ దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. స్ట్రైకర్ కాకింగ్ పీస్‌లోకి మరలాగా ఎక్కుతుంది కాబట్టి, ఎప్పుడో ఎవరో విప్పి సరిగ్గా బిగించకపోతే ముందు మొన పొడవు మారిపోతుంది. తోక బయటికి పొడుచుకొచ్చినా, లోపలికి కుంగినా, స్క్రూ తల చెడిపోయి ఉన్నా మీకంటే ముందు ఎవరో అక్కడ చెయ్యి పెట్టారన్నమాట.

మొన పొడవు కూడా కొలవవచ్చు. స్ట్రైకర్ వదిలేసిన స్థితిలో బోల్ట్ ముఖం నుంచి మొన ఎంత బయటికి వస్తోందో వెర్నియర్ క్యాలిపర్ లోతు పుల్లతో కొలవండి. ఈ కుటుంబం రైఫిళ్లలో అది సుమారు 1 నుంచి 1.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. తక్కువైతే దెబ్బ తేలికవుతుంది. ఎక్కువైతే క్యాప్‌కి బెజ్జం పడి వేడి గాలి వెనక్కి, కంటి వైపు వస్తుంది. పొడవు తక్కువగా కనబడితే వెంటనే స్ట్రైకర్ మార్చాలని అనుకోకండి, బోల్ట్ లోపల మురికి గడ్డకట్టి చివరిదాకా రానివ్వకపోయినా అలాగే కనబడుతుంది. శుభ్రం చేసి మళ్లీ కొలవండి. మొన గుండ్రంగా, నున్నగా ఉండాలి. చదునుగా అరిగినా, తుప్పుకి గుంటలు పడినా గన్‌స్మిత్‌కి చూపించండి. ఆకురాయితో మీరే దిద్దకండి.

ఇంకో దారి దొంగ గురించి చెప్పాలి, ఇది చాలామందికి తట్టదు. బోల్ట్ పిడి పూర్తిగా కిందకి దిగకపోవడం. చూడ్డానికి మూసుకున్నట్టే ఉంటుంది, ఒక నూలుపోగు మందం పైన ఉంటుంది. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే కాకింగ్ పీస్ ముందుకొస్తూ బోల్ట్ వెనక అంచుకి తగిలి, తన బలంలో కొంత పిడిని కిందకి దించడానికే ఖర్చు చేస్తుంది. మిగిలిన బలంతో క్యాప్‌ని కొడుతుంది. మీరు గమనించి ఉంటే, టక్‌మన్నప్పుడు పిడి కొంచెం కదిలినట్టు అనిపించిందా? అనిపించి ఉంటే ఛాంబర్‌లో మురికి ఉంది, లేదా రౌండ్ల మీద తుప్పు, పచ్చ చిలుము పట్టి లావెక్కాయి. పుల్‌త్రూ (గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగే తాడు) గొట్టాన్ని శుభ్రం చేస్తుంది గానీ వెడల్పుగా ఉండే ఛాంబర్‌ని సరిగ్గా తుడవదు. కర్రకి చిందీ (గుడ్డ ముక్క) మందంగా చుట్టి ఛాంబర్ లోపల తిప్పి తుడవాలి, ముఖ్యంగా రిమ్ కూర్చునే నోటి దగ్గర.

మా రోజుల్లో .303 ఫైరింగ్ అయ్యాక గొట్టంలో మరిగే నీళ్లు పోసేవాళ్లం. పాత క్యాప్ మందులో ఉండే పొటాషియం క్లోరేట్ కాలాక ఉప్పులా మారి తేమని లాగుతుంది, దాన్ని నూనె కరిగించలేదు, నీళ్లే కరిగిస్తాయి. మీ దగ్గరున్న పాత రౌండ్లు ఎలాంటివో తెలియనప్పుడు, అందులోనూ సముద్రం పక్కన, ఈ అలవాటు చేసుకోవడంలో నష్టమేమీ లేదు. తర్వాత బాగా ఆరబెట్టి నూనె చిందీ పెట్టండి, అంతే.

సేఫ్టీ క్యాచ్ కూడా ఒకసారి చూడండి. దాని స్ప్రింగు వదులైతే అది తనంతట తానే కొద్దిగా తిరిగి కాకింగ్ పీస్‌ని రాసుకుంటుంది. కాకింగ్ పీస్ పక్కన కొత్తగా మెరిసే గీత ఉంటే అదే కారణం.

శుభ్రం చేశాక రౌండు లేకుండా ఇంట్లోనే చేసే పరీక్ష ఒకటుంది, పెన్సిల్ పరీక్ష. ఛాంబర్ ఖాళీ అని మళ్లీ చూసుకోండి, రౌండ్లన్నీ వేరే గదిలో ఉండాలి. బోల్ట్ మూసి కాక్ చేసి, గొట్టం నిటారుగా పైకి పెట్టి, వెనక రబ్బరున్న పెన్సిల్‌ని రబ్బరు కిందకి ఉండేలా గొట్టంలోకి జారవిడవండి. మొహం పక్కకి పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. స్ట్రైకర్ కొట్టిన దెబ్బకి పెన్సిల్ గొట్టంలోంచి ఎగిరి బయటపడాలి. కిరోసిన్‌తో కడగకముందు ఒకసారి, కడిగాక ఒకసారి చేసి చూడండి. ఆ తేడా చూస్తే నేను ఇంతసేపు చెప్పిన వేగం సంగతి మీ కళ్లకే కనబడుతుంది. కడిగాక కూడా పెన్సిల్ గొట్టం దాటకపోతే, బోల్ట్ తోసేటప్పుడు చివరి బరువు కూడా తగ్గి ఉంటే, అప్పుడు స్ప్రింగు మార్పించండి. దశాబ్దాల పాత స్ప్రింగు అలసిపోవడం వింత కాదు, కానీ దాని వంతు చివర వస్తుంది.

ఇక రౌండ్లు. మీరు తాతగారి ఇనప్పెట్టెలో ఉన్నవి, డీలర్ దగ్గర ఈ మధ్య కొన్నవి కలిపి తీసుకెళ్లానన్నారు. పేలని మూడూ ఏ పెట్టెలోవో గుర్తుందా? అడుగున ఉన్న అచ్చు చూస్తే తెలుస్తుంది. మూడూ పాతవైతే కథ సగం తేలినట్టే. క్యాప్ మందుకి శత్రువులు నూనె, తేమ. తుప్పు పట్టకుండా రౌండ్లకి నూనె రాసి పెట్టడం మన ఇళ్లలో పెద్దల కాలం నుంచి ఉన్న అలవాటు. సన్నటి నూనె క్యాప్ అంచు నుంచి లోపలికి పాకి మందుని చంపేస్తుంది. పైగా నూనె రాసిన రౌండు పేలినప్పుడు కేసు ఛాంబర్ గోడని పట్టుకోలేక బోల్ట్ మీద భారమంతా వేస్తుంది. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్ట్ వెనక వైపు తాళం వేసుకునే రకం, దానికి ఈ అదనపు భారం మంచిది కాదు. రౌండ్లు పొడిగా ఉండాలి. పొడి గుడ్డతో తుడిచి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి.

ఎండలో ఆరబెట్టడం కూడా మానండి. పల్లెల్లో అప్పడాలు ఎండబెట్టినట్టు తూటాల్ని మిద్దె మీద పరిచేవాళ్లని చూశాను. చచ్చిన క్యాప్ ఎండకి బతకదు. బాగున్న మందు మాత్రం వేడికి పాడవుతుంది.

ఇప్పుడు రేంజ్‌కి వెళ్లండి. లైసెన్సు మీద వచ్చే రౌండ్లు కొద్ది కాబట్టి లెక్కగా వాడుకోవాలి. ఒకే పెట్టెలోని కొత్త రౌండ్లు ఐదు, పాత పెట్టెలో బయటికి బాగా కనబడేవి ఐదు తీసుకెళ్లండి. ముందు కొత్తవి. ఒక్కొక్కటే ఛాంబర్‌లో పెట్టి, ప్రతిసారీ పిడి పూర్తిగా దిగిందని చూసుకుని కాల్చండి. ఐదూ పేలితే రైఫిల్ బాగుపడింది. తర్వాత పాతవి కాల్చితే, అందులో టక్‌మన్నది రౌండు తప్పే. అప్పుడు ఆ పెట్టె మొత్తం పక్కన పెట్టండి, ‘ఇంకా కొన్ని పేలుతున్నాయి కదా’ అని దాచుకోకండి. అడవిపంది ఎదురుగా వచ్చినప్పుడు టక్‌మనే రౌండు మీ చేతిలో ఉండకూడదు. కొత్త ఐదింటిలో ఒక్కటి టక్‌మన్నా అక్కడితో ఆపేసి, గుంట ఫోటో తీసుకుని, బోల్ట్‌తో సహా రైఫిల్ని లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. హెడ్‌స్పేస్ గేజ్, స్ట్రైకర్ పొడవు, స్ప్రింగు, ఈ వరసలోనే చూడమని చెప్పండి.

దాచిన ఆ మూడు రౌండ్లని విప్పి చూడాలని, బుల్లెట్ పీకి మందు పారబోయాలని మాత్రం ప్రయత్నించకండి. దెబ్బ తిన్న క్యాప్ ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేం. పొలంలో పాతిపెట్టడం, కాలవలో పడేయడం కూడా వద్దు, మీ లైసెన్సు మీద వాటికి లెక్క ఉంది. విడిగా ఒక డబ్బాలో ‘పేలనివి’ అని రాసి పెట్టి, గన్‌స్మిత్‌కి చూపించాక డీలర్‌కి అప్పగించి రాయించుకోండి. అప్పగించేముందు క్యాప్‌లకి దగ్గరగా ఫోటోలు తీసి, బోల్ట్ నంబరు కలిసిందో లేదో రాసి ఇక్కడ పెట్టండి, నేను చూసి చెబుతాను.